తోసే పిడి లేని బండి

కాళ్ళు పనిచెయ్యని పిల్లకి మన దగ్గర చక్రాల కుర్చీ ఎప్పుడు వస్తుందో గమనించారా? తల్లి ఇంక ఎత్తుకోలేనప్పుడు. ఆరేళ్ళకో ఏడేళ్ళకో, పిల్ల బరువు పెరిగి తల్లికి నడుం పట్టేశాక ఎవరో ఒకరు "ఒక వీల్‌చైర్ చూసుకోండమ్మా" అంటారు. అప్పటిదాకా అయితే చంక, లేకపోతే చాప. అంటే ఆ కుర్చీ వచ్చింది మోసేవాళ్ళ నడుం కోసం, పిల్ల కదలడం కోసం కాదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే: పిల్లకి చక్రాలు కావలసింది ఏడాది, ఏడాదిన్నర వయసులో, తోటి పిల్లలు పాకి, లేచి, పడి, ఇల్లు పీకి పందిరేస్తున్న వయసులో. అవి ఆ పిల్ల తన చేతుల్తో తనే నడుపుకునేవి అయ్యుండాలి. పాడైతే మన వీధి చివర సైకిల్ షాపులో బాగయ్యేవి అయ్యుండాలి. ఈ మూడూ లేని కుర్చీని ఎంత మంచి మనసుతో ఇచ్చినా అది ఇంట్లో ఒక సామానే.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, మహేంద్రతనయ అవతల పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఆస్పత్రి చీటీ మీద ఇంగ్లీషు. మెకానికల్ డిప్లొమా చేసి వెల్డింగ్ షాపు పెట్టుకున్నాను, గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాం. నేను డాక్టర్ని కాను. మా చెల్లి కూతురు స్పైనా బిఫిడాతో పుట్టాక, కొలతల టేపు పట్టుకున్న మేనమామగా ఈ విషయంలోకి వచ్చాను.

స్పైనా బిఫిడా అంటే గర్భంలో వెన్నుపూస పూర్తిగా మూసుకోకపోవడం. మా గుంటకి (మావైపు ఆడపిల్లని గుంట అంటాం) వెన్నుపాము కొంచెం బయటికి వచ్చి, నడుం దిగువన తిత్తిలా ఉండేది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి మూశారు, తర్వాత తలలో నీరు చేరుతోందని షంట్ వేశారు, అంటే తలనుంచి పొట్టలోకి చర్మం కిందనుంచి వెళ్ళే సన్నటి గొట్టం. మోకాళ్ళ కింద స్పర్శ లేదు, పిరుదుల దగ్గరా లేదు, మూత్రం తనంతట రాదు కాబట్టి మూడు నాలుగు గంటలకోసారి కాథెటర్, అంటే మూత్రం తీసే సన్నటి గొట్టం, పెట్టి తీయాలి. చేతులు మాత్రం ఉక్కు ముక్కలు. మాటలు మా అందరికన్నా ముందు. ఇక్కడొకటి చెప్పి ముందుకెళ్తాను: మా చెల్లిని ఎన్ని మాటలన్నారో, గ్రహణంలో బయటికెళ్ళిందని, ఏదో కోసిందని. ఆ వెన్ను మూసుకోవలసింది గర్భం దాల్చిన 28 రోజుల్లోపు. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకి తాము గర్భవతులమన్న సంగతే తెలీదు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది, ఆ మాట పెళ్ళయిన ప్రతి అమ్మాయికీ ఎవరూ ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

ఏడాది దాటగానే మా గుంట చేతుల మీద ఈడ్చుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. అందరికీ సంతోషం, "పాకుతోంది" అని. కానీ అది పాకడం కాదు. సిమెంటు గచ్చు మీద కాళ్ళు వెనకాల గుడ్డపేలికల్లా ఈడ్చుకొస్తున్నాయి, స్పర్శ లేదు కాబట్టి చర్మం చీరుకుపోయినా ఏడుపు లేదు. ఓ సాయంత్రం చెల్లి కాళ్ళు కడుగుతుంటే బొటనవేలి పక్కన రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయి ఉంది, పిల్లేమో నవ్వుతూ నీళ్ళు చిమ్ముతోంది. నొప్పి తెలియని పిల్లకి పుండు ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది, అది మానడానికి వారాలు పడుతుంది, లోపలికి పోతే ఎముకదాకా పోతుంది. దాంతో ఇంట్లో అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం: కిందికి దింపొద్దు. పిల్ల మళ్ళీ చంకెక్కింది. ఇదిగో, ఇక్కడే మొత్తం కథ తప్పుదారి పడుతుంది. చాలా ఇళ్ళలో ఇలాగే జరుగుతుంది, ప్రేమతోనే జరుగుతుంది.

కదలకుండా కూర్చోబెడితే పోయేదేమిటి, చూస్తూ నేర్చుకోదా అని అడుగుతారు. దానికి 1963లో అమెరికాలో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చెబుతాను. చీకట్లో పెంచిన పిల్లి పిల్లల్ని జతలుగా తీసుకుని ఒక తిరిగే యంత్రానికి కట్టారు. ఒకటి తన కాళ్ళతో నడుస్తుంది, రెండోది తొట్టెలో కూర్చుని, మొదటిది ఎటు తిరిగితే అటు మోయబడుతుంది. రెండూ చూసే దృశ్యం ఒకటే. తీరా పరీక్షిస్తే నడిచినదానికి లోతు తెలిసింది, అంచు దగ్గర ఆగింది, కూర్చున్నదానికి తెలీలేదు. తర్వాత దాన్ని వెలుతురులో స్వేచ్ఛగా తిరగనిస్తే అదీ నేర్చుకుంది. పసిపిల్లల మీద జోసెఫ్ కాంపోస్ బృందం బర్కిలీలో చేసిన పని కూడా ఇటే చూపిస్తుంది, పాకడం వచ్చిన పిల్లలకే ఎత్తు అంటే భయం వస్తుంది, ఇంకా పాకని పిల్లలకి చక్రాల సాధనంలో కొన్నాళ్ళు తిరిగిన అనుభవం ఇస్తే వాళ్ళకీ వస్తుంది. అంటే కళ్ళతో చూస్తే చాలదు, తనంతట తను కదిలి చూడాలి. కాళ్ళే కదలాలని రూలేం లేదు.

అందుకే నాకు చంక అంటే భయం. చంకలో ఉన్న పిల్లకి ఎటు వెళ్ళాలన్నది తన చేతిలో ఉండదు. కావలసింది చూపించి ఏడవాలి, ఎవరో తెచ్చి పెట్టాలి. రెండేళ్ళు అలా గడిస్తే పిల్ల అడగడం కూడా మానేస్తుంది, మనమేమో "ఎంత బుద్ధిమంతురాలో, పెట్టిన చోట కూర్చుంటుంది" అని మురిసిపోతాం.

మా గుంటకి ఒక శిబిరంలో కుర్చీ ఇచ్చారు. ఏ శిబిరమో ఎవరిదో అనవసరం, ఇచ్చినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. మడతపెట్టే ఇనప కుర్చీ, సీటు వెడల్పు 14 అంగుళాలు, చిన్నపిల్లల సైజు అని రాసుంది. మా పిల్ల తుంటి వెడల్పు 8 అంగుళాలు కూడా లేదు. పండక్కి బట్టలు కుట్టించినట్టు, పెరిగే వయసు కదా వదులుగా ఉంటే మంచిదే అన్నారు. బట్ట వదులైతే చేతులు మడిచి తొడుక్కుంటాం. కుర్చీ వదులైతే పిల్ల ఒక పక్కకి ఒరుగుతుంది, ఒరిగే కూర్చోవడం అలవాటై వెన్ను అటే వంగుతుంది, ఈ పిల్లలకి వెన్ను వంకర ప్రమాదం ముందే ఎక్కువ. సీటు లోతు ఎక్కువైతే మోకాలి వెనక అంచు తగిలి పిల్ల ముందుకి జారుతుంది, నడుం గుండ్రంగా ముడుచుకుంటుంది, బరువంతా తోక ఎముక మీద పడుతుంది, స్పర్శ లేని చోట అది నేరుగా పుండే. అన్నిటికన్నా ముందు, వెడల్పు కుర్చీలో చేతులు చక్రం దాకా అందవు.

బరువు లెక్క కూడా చూడండి. పిల్ల 11 కిలోలు, కుర్చీ 17 కిలోలు. అరవై కిలోల మనిషిని తొంభై కిలోల కుర్చీలో కూర్చోబెట్టి నడుపుకోమన్నట్టు. ఎవరు నడుపుకుంటారు? పెద్దవాళ్ళ కుర్చీని చిన్నది చేస్తే పిల్లల కుర్చీ అయిపోదు. పిల్ల శరీరంలో తల వాటా ఎక్కువ, బరువు పైన ఉంటుంది, చేతులు పొట్టి, కాళ్ళు ఇంకా మోకాళ్ళ దగ్గర వేలాడే పొడవుకి రాలేదు. రెండేళ్ళ పిల్ల కాళ్ళు చాపుకుని కింద కూర్చునే జీవి. దాని లోకమంతా నేల మీద ఉంది, అన్నం తినేది నేల మీద, ఆడేది నేల మీద, తోటి పిల్లలు ఉన్నదీ నేల మీదే. రెండడుగుల ఎత్తున కుర్చీలో పెడితే పెద్దవాళ్ళ మోకాళ్ళు కనిపిస్తాయి గానీ కింద పడిన గచ్చకాయ అందదు.

అందుకని నేలకి దగ్గరగా ఉండే బండి చేశాం. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, విదేశాల్లో కొందరు తల్లిదండ్రులు ప్లాస్టిక్ బేబీ సీటు కింద కూరలు తరిగే బోర్డు, రెండు సైకిల్ చక్రాలు, ముందు ఒక చిన్న తిరుగుడు చక్రం బిగించి ఇలాంటివి చేసుకున్నారు. నేను ముప్పావు అంగుళం పైపుతో ఫ్రేము చేసి, పన్నెండంగుళాల పిల్లల సైకిల్ చక్రాలు వేశాను. సీటు నేల నుంచి ఆరంగుళాల ఎత్తు. కాళ్ళు ముందుకి చాపుకునేలా మెత్త వేసిన పలక, పక్కన అంచులు, పాదాలు జారి నేలకి తగలకుండా. చెయ్యి కిందికి వదిలితే వేళ్ళు చక్రం ఇరుసుని తాకాలి, చక్రం పైన చెయ్యి పెడితే మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి, ఈ రెండు కొలతలు కుదిరితే మిగతావి సర్దుకోవచ్చు.

ఇరుసు దగ్గర ఒక చిక్కుంది, చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే వినండి. సైకిల్ చక్రానికి రెండు వైపులా ఫోర్కు పట్టు ఉంటుంది. కుర్చీలో చక్రం బయటికి ఉంటుంది, పట్టు ఒక్క లోపలి వైపే. మామూలు సైకిల్ యాక్సిల్ని అలా ఒక్క వైపు బిగిస్తే గుంతలో పడ్డ రోజున వంగిపోతుంది. అందుకని హబ్బు మార్చి 12 మి.మీ. బోల్టు, 6201 బేరింగులు వేశాను. 6201 అంటే సీలింగ్ ఫ్యాన్లలో వేసే బేరింగే, ఏ మోటారు రిపేరు షాపులో అడిగినా దొరుకుతుంది. నేను పెట్టుకున్న నియమం ఇది: బండిలో విరిగే అవకాశం ఉన్న ప్రతి వస్తువూ పర్లాకిమిడిలో దొరకాలి. కొరియర్లో తెప్పించాల్సిన భాగం ఒక్కటున్నా ఆ బండి ఏదో ఒక రోజు మూలన పడుతుంది.

ఇరుసుని సీటు కింద ముందుకి జరిపితే బండి చిటికెన వేలితో తిరుగుతుంది, కానీ వెనక్కి పల్టీ కొడుతుంది. వెనక్కి జరిపితే పడదు, కానీ ముందు చక్రం మీద బరువు పడి మొరాయిస్తుంది. పిల్ల తల బరువు పైన ఉంటుందన్నాను కదా, అందుకని ఇరుసుకి మూడు చోట్ల రంధ్రాలు పెట్టి, వెనకాల పడకుండా రెండు చిన్న చక్రాలు వేసి, మొదట వెనక రంధ్రంలో మొదలుపెట్టి పిల్ల నేర్చుకునేకొద్దీ ముందుకి మార్చాం. స్పోకుల్లో వేళ్ళు పోకుండా చక్రాలకి పలచటి ప్లాస్టిక్ షీటు బిళ్ళలు బిగించాం, వాటి మీద పూలు వేసుకుంది తనే.

ఇక వైద్యం వైపు సంగతులు. వీటిని ఏ వెల్డింగ్ పుస్తకంలోనూ రాయరు. ఒకటి, రబ్బరు. స్పైనా బిఫిడా పిల్లల్లో చాలామందికి లేటెక్స్ అంటే సహజ రబ్బరు పడదు, పుట్టినప్పటినుంచి ఆపరేషన్లలో గ్లౌజులు, గొట్టాలు తగిలి తగిలి ఎలర్జీ వస్తుంది, కొందరికి ఊపిరాడనంత. మన షాపుల్లో ఏది మెత్తగా కావాలన్నా పాత ట్యూబు ముక్క చుట్టేస్తాం. ఏ ట్యూబు సహజ రబ్బరో ఏది కాదో చూసి చెప్పలేం కాబట్టి ఈ బండిలో రబ్బరు ముక్క లేకుండా చూశాం, చక్రాలకి గాలి లేని ఫోమ్ టైర్లు, పట్టుకునే చోట నూలు గుడ్డ. రెండు, ఎండ. వైశాఖంలో అరుగు మీద గంట సేపు పెట్టిన ఇనప గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మనమైతే చటుక్కున తీసేస్తాం, కాలు కాలుతున్నట్టు ఆ పిల్లకి తెలీదు. కాళ్ళు తగిలే చోట ఇనుము, బోల్టు తల, ఏదీ బయటికి ఉండకూడదు. మూడు, సీటు గుడ్డ. రెక్సిన్ తుడుచుకోవడానికి బాగుంటుంది గానీ చెమట పట్టి చర్మం నానిపోతుంది. మేము వేరే వేరే గట్టిదనాల ఫోమ్ రెండు పొరలు, దాని మీద ఉతుక్కునే నూలు కవరు వేశాం. వానాకాలంలో ఆరదు కాబట్టి కవర్లు రెండు జతలు. నాలుగు, షంట్ వేసిన వైపు తల దగ్గర ఏ పట్టీ, ఏ దిండు గట్టిగా ఒత్తకూడదు. అయిదు, కాథెటర్ పెట్టే టైముకి పిల్లని వెంటనే వెల్లకిలా పడుకోబెట్టాలి, బెల్టులు, అడ్డ కడ్డీలు విప్పుతూ కూర్చుంటే తల్లికి ప్రాణం విసిగిపోతుంది. ముందు కడ్డీ ఒక్క పిన్నుతో ఊడొచ్చేలా చేశాం.

రోజూ రాత్రి చెల్లి టార్చి వేసి పిల్ల పిరుదులు, మడమలు చూస్తుంది. ఎక్కడైనా ఎర్రటి మచ్చ ఉండి అరగంటకి కూడా పోకపోతే మర్నాడు బండి లేదు, ఏం ఒత్తిందో వెతుకుతాం. ఎంత మంచి బండి అయినా ఈ పని తప్పదు. బండి ఇచ్చే శిబిరాల్లో ఈ ఒక్క మాట చెప్పి పంపితే ఎన్ని పుళ్ళు తప్పుతాయో.

అసలు గొడవ తోసే పిడి దగ్గర వచ్చింది. నేను వెనకాల పిడి పెట్టలేదు. చెల్లి వాళ్ళ అత్తగారు చూసి, "ఇదేటి బాబూ, పట్టుకోడానికి పిడి లేదు, గుంటని ఎలా తోస్తాం?" అన్నారు. తొయ్యకూడదనే పెట్టలేదండీ అన్నాను. ఆవిడకి నచ్చలేదు, బావకీ నచ్చలేదు. కానీ పిడి ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు, పిల్ల చక్రం మీద చెయ్యి వేసి అర అడుగు కదిలేలోపు ప్రేమ ఉన్న వాళ్ళెవరో వెనకనుంచి వచ్చి వంటింట్లో దింపేస్తారు. ఎటు వెళ్దామనుకుందో ఎవరూ అడగరు. బజారుకి వెళ్ళేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు తల్లికి పట్టు కావాలి, అది నిజమే, అందుకని విడిగా ఒక పిడి చేసి గూట్లో పెట్టాం, కావలసినప్పుడు తగిలించుకోవచ్చు. ఇంట్లో మాత్రం లేదు. మొదట్లో పిల్ల గోడకి గుద్దుకుంది, మంచం కింద ఇరుక్కుంది, గట్టిగా అరిచింది. ఎవరూ వెళ్ళొద్దని నేనే అడ్డం నిలబడ్డాను. కాసేపటికి ఒక చక్రం ముందుకీ ఇంకోటి వెనక్కీ తిప్పితే బండి ఉన్నచోటే తిరుగుతుందని కనిపెట్టింది. అది ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత వారంలో చక్కెర డబ్బా ఏ అరలో ఉందో, దేవుడి గదిలో అగ్గిపెట్టె ఎక్కడుందో అన్నీ దానికి తెలిసిపోయాయి, అత్తగారు సామాన్లన్నీ పై అరకి మార్చుకోవాల్సి వచ్చింది. మిగతా మనవలు పాకే వయసులో చేసిన పనే ఇది.

తర్వాత గడప. మావైపు పాత ఇళ్ళు మీకు తెలుసు కదా, వీధి అరుగు, సావిడి, నడవ, పెరడు, ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల వరస, మధ్యలో ప్రతి గుమ్మానికీ మూడంగుళాల గడప. దాన్ని కొయ్యమని ఎవరినీ అడగలేం, అడగను కూడా. వాలు పలకకి లెక్క ఒకటికి పన్నెండు, అంటే మూడంగుళాల గడపకి మూడడుగుల పలక, రెండు వైపులా. నడవలో అంత చోటు లేదు. ఒకవైపు మూడడుగులు పెట్టి, రెండోవైపు కురచగా పెట్టాం, ఆ వైపు వెనక్కి దిగడం పిల్లకి నేర్పాం. గడప మీద చక్రం ఎక్కుతుందేమోనని అత్తగారు బెంగపడితే, పలక గడపకి తగలకుండా పైనుంచి వెళ్ళేలా కమాను చేశాను. ఆవిడ శుక్రవారం గడపకి పసుపు రాసినప్పుడు ఆ పలక అంచుకి కూడా బొట్టు పెడుతున్నారు ఇప్పుడు. కుర్చీ తయారుచేసే కంపెనీల్లో ఇంజనీర్లకి గడప గురించి ఎవరైనా చెప్పారా అని నా అనుమానం. అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ హాచ్‌కిస్, తనే చక్రాల కుర్చీలో ఉండే మనిషి, 1980ల నుంచి పేద దేశాల వర్క్‌షాపుల్లో స్థానికులతో కలిసి మట్టి రోడ్లకి తగిన కుర్చీలు రూపొందించాడు, ముందు చక్రం వెడల్పుగా, కుర్చీ పొడుగ్గా, బోర్లా పడకుండా. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే అంటాయి: మనిషికి సరిపోవాలి, ఆ మనిషి ఉండే చోటుకి సరిపోవాలి, ఆ దేశంలోనే బాగుచేయించుకునేలా ఉండాలి. కుర్చీ ఇవ్వడం అనేది ఎనిమిది మెట్లలో ఒకటి మాత్రమే, కొలతలు తియ్యడం, అమర్చి చూడడం, నేర్పడం, తర్వాత వచ్చి చూడడం, ఇవన్నీ మిగతా మెట్లు. మన శిబిరాల్లో ఫొటో తీసేది ఒక్క మెట్టుకి.

ఇక అందరూ చెప్పే మాట: "బండి అలవాటైతే ఇంక నడవదు." ఇది విని విని చెవులు చిల్లులు పడ్డాయి. మా పిల్ల కాలిపర్లు, అంటే కాళ్ళకి ఆసరాగా కట్టే కడ్డీ పట్టీలు, కట్టుకుని రోజూ గంటసేపు నిలబడుతుంది, ఎముకలకీ తుంటికీ కావాలి కాబట్టి. అది వ్యాయామం. మిగతా పదకొండు గంటలు ఏం చెయ్యాలి మరి, నడక వచ్చేదాకా చాప మీద ఎదురు చూడాలా? కళ్ళజోడు పెడితే కళ్ళు సోమరులవుతాయని ఇప్పుడెవరూ అనడం లేదు కదా. 1980లలో షార్లీన్ బట్లర్ అనే పరిశోధకురాలు రెండు మూడేళ్ళ పిల్లల చేతికి మోటారు కుర్చీలు ఇచ్చి చూశారు, చాలామంది కొద్ది వారాల్లోనే నడపడం నేర్చేసుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల కోసమే చేసిన మోటారు బండికి 2020లో ఎఫ్‌డీఏ, అంటే మందులకీ వైద్య సాధనాలకీ అక్కడి నియంత్రణ సంస్థ, అనుమతి కూడా వచ్చింది. ధర మనకి అందేది కాదు. కానీ వయసు సంగతి మాత్రం తేలిపోయినట్టే.

చేతులు కూడా సరిగా పట్టు లేని పిల్లల సంగతి వేరు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే పిల్లల్లో చాలామంది అలాంటివాళ్ళే. వాళ్ళకి నా బండి పనికిరాదు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో కోల్ గాలోవే మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, బజార్లో దొరికే బ్యాటరీ బొమ్మకారు తీసుకుని, కాలి పెడల్ తీసేసి, స్టీరింగ్ దగ్గర అరచెయ్యంత పెద్ద బటన్ పెడతారు, చుట్టూ పీవీసీ పైపుల ఊచలు, తల ఒరగకుండా మెత్తలు. చెయ్యి ఎలా పడినా బటన్ నొక్కుకుంటుంది, కారు కదులుతుంది. మనవైపు ఇప్పుడు ప్రతి పుట్టినరోజుకీ ఈ కార్లు కొంటున్నారు, రెండో ఏడుకి అటకెక్కుతున్నాయి. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒక పూటలో మార్చగలడు, పెద్దవాళ్ళ చేతిలో ఆపే స్విచ్చి విడిగా తప్పనిసరి. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి తుంటి కీలు జారే ప్రమాదం ఉంటుంది, మొత్తం మీద మూడోవంతు మందికి, బాగా తీవ్రంగా ఉన్నవాళ్ళలో 90 శాతం దాకా, కాబట్టి కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకోకుండా మధ్యలో మెత్తటి అడ్డు ఉండాలి, ఆ కొలత ఫిజియోథెరపిస్టుని అడక్కుండా పెట్టొద్దు. ఆక్సిజన్ సిలిండరో, గొంతులో కఫం లాగే సక్షన్ మెషినో వెంట ఉండే పిల్లలైతే, దాన్ని కుర్చీ వెనక పిడికి ఎప్పుడూ తగిలించకండి. పిల్లాడికన్నా సిలిండరే బరువు కావచ్చు, పిల్లాణ్ణి దింపిన క్షణం కుర్చీ వెనక్కి పడుతుంది, ఒక్కోసారి దింపకముందే. సీటు కింద, రెండు చక్రాల మధ్య పెట్టే ఏర్పాటు ఉండాలి. ఇంకొకటి, తిరునాళ్ళలో అమ్మే గుండ్రటి వాకర్ మాత్రం వద్దు. కెనడాలో మామూలు పిల్లలకే 2004లో నిషేధించారు దాన్ని.

సర్కారు సంగతి కొంచెం. వికలాంగులకి సాధనాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం 1981 నుంచి ఉంది. పెద్దవాళ్ళకి ఒకసారి ఇచ్చాక మూడేళ్ళ దాకా మళ్ళీ ఇవ్వరు, కానీ పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఏడాదికే మళ్ళీ అడగొచ్చు. ఇది నిబంధనల్లోనే ఉంది. మాకు ఒక ఆఫీసులో "మూడేళ్ళు ఆగండి" అన్నారు, కాగితం చూపిస్తే అప్పుడు చూశారు. మూడేళ్ళలో పిల్ల కుర్చీలోంచి బయటికి పెరిగిపోతుంది. సరిహద్దు వాళ్ళకి ఇంకో బాధ, ఆపరేషన్ అటు, సర్టిఫికెట్ ఇటు. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ, 2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, అది మనకి రాదు, ఇక్కడి శిబిరానికి అక్కడి డాక్టరు చీటీ చాలదంటారు. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ మాత్రం దేశమంతా చెల్లుతుంది, ముందు అది చేయించుకోండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో జాతీయ పునరావాస సంస్థ ఉంది, అక్కడ కొలతలు తీసి చేసేవాళ్ళు ఉన్నారు. కానీ పర్లాకిమిడి నుంచి అక్కడికి కాథెటర్ పిల్లతో రాత్రంతా ప్రయాణం. ప్రతి జిల్లాలో పిల్లల్ని పరీక్షించే కేంద్రాలు పెట్టాలని 2013లో ఆర్‌బీఎస్‌కే, అంటే కేంద్రం వాళ్ళ పిల్లల ఆరోగ్య కార్యక్రమం, మొదలైనప్పుడే అన్నారు, పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ళ దాకా అక్కడే చూడాలి. ఆ కేంద్రంలో ఫిజియోథెరపిస్టు పక్కన ఒక వెల్డరు, ఒక టైలరు వారానికి ఒక రోజు కూర్చుంటే చాలు. ఖర్చు పెద్దదేమీ కాదు, మా షాపులాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కావలసింది ఎవరో మాకు కొలతలు ఇవ్వడం, మేం చేసింది సరిగా ఉందో లేదో చూసి చెప్పడం.

మా గుంట ఈ ఏడు పదహారంగుళాల చక్రాలకి మారింది. పాత బండి కాశీనగర్ వైపు ఒక బాబుకి వెళ్తోంది, వాడిదీ స్పైనా బిఫిడానే, కానీ నడుం బలం తక్కువ, పక్కన ఆసరా పలకలు వెయ్యాలి. బ్రిటన్‌లో విజీబగ్ అని చిన్నపిల్లల మోటారు బండ్లు ఇలాగే అప్పుగా ఇస్తారు, పెరిగాక వెనక్కి తీసుకుని ఇంకో పిల్లకి. మనమూ అలా తిప్పుకోవాలి. ఎవరి ఇంట్లోనైనా పిల్లలు వదిలేసిన పన్నెండు, పద్నాలుగు అంగుళాల సైకిళ్ళు తుప్పు పడుతుంటే పాతసామాను వాడికి వెయ్యకండి, దగ్గర్లో ఇలాంటి పిల్ల ఉన్న ఇంటికో, చేసిపెట్టే వెల్డింగ్ షాపుకో ఇవ్వండి.

చేయించుకునేవాళ్ళు కొలతలు ఇలా తియ్యండి. పిల్లని గట్టి పీట మీద వీపు గోడకి ఆనించి కూర్చోబెట్టాలి, ఎత్తుకుని కాదు. తుంటి దగ్గర అత్యంత వెడల్పు, దానికి రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు కలపండి. వీపు నుంచి మోకాలి మడత దాకా పొడవు, అందులోంచి రెండు వేళ్ళ మందం తీసెయ్యండి. పీట నుంచి చంక దాకా ఎత్తు. మోకాలి నుంచి మడమ దాకా, చెప్పులో కాలిపరో వేసుకుంటే వాటితో సహా. చెయ్యి కిందికి వదిలినప్పుడు వేళ్ళ కొస పీట నుంచి ఎంత దూరమో. షంట్ ఏ వైపో రాయండి, స్పర్శ ఎక్కడిదాకా ఉందో రాయండి, రబ్బరు పడుతుందో లేదో డాక్టరుని అడిగి రాయండి. ఆ తర్వాత గుమ్మాల వెడల్పు, ఒక్కో గడప ఎత్తు.